నల్ల మేక మీద తెల్ల మచ్చ

ఒట్టో క్రెబ్స్ తన కెమెరా కిందే చచ్చిపడి ఉన్నాడు.

బోర్లా పడ్డాడు. తల వెనక ఒకే దెబ్బ. నెత్తురు పెద్దగా చిందలేదు. పక్కనే ఓ ఇనుప దిమ్మ, దాని అంచుకు అంటుకున్న నెరిసిన వెంట్రుకలు.

1921 జూన్, సోమవారం సాయంత్రం ఐదుంబావు. న్యూయార్క్, ఇరవయ్యారో వీధి, ఐదో అంతస్తు. బయట ఎండ మండిపోతోంది. లోపల కెమెరా గది అంతకన్నా ఘోరం. కిటికీ లేదు. గోడలకూ కప్పుకూ నల్ల రంగు. తలుపులకు నల్ల తెరలు. రెండు పొడుగాటి పాదరసం దీపాలు ఇంకా వెలుగుతూనే ఉన్నాయి. ఆ నీలిపచ్చ వెలుగులో గదిలో ఎవరి ముఖంలోనూ జీవం కనపడటం లేదు.

డిటెక్టివ్ సార్జెంట్ కానర్ డెవ్లిన్ కర్చీఫుతో మెడ తుడుచుకున్నాడు. ఆయనకు ఉక్కపోత పడదు. సినిమావాళ్లు అసలే పడరు. మద్యనిషేధం వచ్చిన దగ్గర్నుంచి మరీ చిరాకు మనిషయ్యాడు.

"ఎప్పుడు పోయాడు?" అడిగాడు.

"చెప్పలేను," అన్నాడు పోలీసు డాక్టర్. "గది పొయ్యిలా ఉంది. శవం చల్లబడితేగా తెలిసేది? ఒంటిగంటకు పోయుండొచ్చు. నాలుగున్నరకు పోయుండొచ్చు."

"మరి నువ్వొచ్చి ఏం లాభం?"

డాక్టర్ పెట్టె మూసుకుని వెళ్లిపోయాడు.

డెవ్లిన్ శవం పక్కన గొంతుక్కూర్చున్నాడు. "ఇంత ఎండలో ఇతనేంటి, మెడ దాకా బొత్తాలు పెట్టుకుని ఈ నల్ల చొక్కా ఏంటి? ఎవరైనా పోయారా వీళ్లింట్లో?"

"అతనంతే సార్జెంట్. రోజూ అదే చొక్కా. పిచ్చి జర్మన్," అన్నాడు తలుపు దగ్గర నిలబడ్డ పెద్దమనిషి.

ఆయన లెస్టర్ ప్రాట్. ఈ బొమ్మల సినిమాల స్టూడియోకు యజమాని. యాభై ఏళ్లుంటాయి. తెల్ల లినెన్ సూటు, కోటు కాజాలో ఎర్ర కార్నేషన్ పువ్వు, చేతికి రాళ్ల ఉంగరం. అందరూ చొక్కాలు తడిసి చస్తుంటే ఆయన మాత్రం కోటు కూడా విప్పలేదు.

"ఏం తీస్తున్నాడు ఇతను?"

"మా కొత్త కార్టూన్. ఇవాళ ఆఖరి సీను. శుక్రవారం బ్రాడ్‌వేలో డిస్ట్రిబ్యూటర్‌కి చూపించాలి. నచ్చితే ఏడాది పొడుగునా నెలకో సినిమా. నచ్చకపోతే స్టూడియోకి తాళం. నా ఖర్మ కాలి ఇవాళే ఇలా జరిగింది."

"పోయింది మీరు కాదు, ఇతను," అన్నాడు డెవ్లిన్. "ఏం కార్టూన్?"

"ఒక నల్ల మేక. కనపడ్డదల్లా తినేస్తుంది. పేరు మలోనీ."

డెవ్లిన్ తలెత్తి చూశాడు. ఐరిష్‌వాళ్ల పేరు మేకకు పెట్టడం ఆయనకు కొత్త కాదు. ఈ ఊళ్లో పాతికేళ్లుగా వింటున్నాడు. అయినా ఒళ్లు మండింది.

"మా అమ్మ పుట్టింటివాళ్లు మలోనీలు."

"జనం నవ్వుతారని పెట్టాం సార్జెంట్. మనసులో పెట్టుకోకండి."

"ఏం పెట్టుకోవాలో నాకు తెలుసు. ఈ రెండో తలుపు ఎక్కడికి?"

"నా ఆఫీసుకి. నేను నాలుగింటికే బయల్దేరి బ్రాడ్‌వే వెళ్లాను. నాలుగూ ఇరవైకి డిస్ట్రిబ్యూటర్ గదిలో ఉన్నాను. ఫోన్ చేసి కనుక్కోండి."

డెవ్లిన్ ఫోన్ చేసి కనుక్కున్నాడు. నిజమే.

కెమెరా పైన స్టాండుకు వేలాడుతూ నేలకేసి చూస్తోంది. దాని కింద బల్ల. బల్ల మీద బొమ్మ, బొమ్మ మీద మందపాటి అద్దం. కాగితం ముడత పడకుండా అద్దం అదిమిపడుతుంది. హ్యాండిల్ రెండుసార్లు తిప్పాలి, అద్దం ఎత్తాలి, బొమ్మ మార్చాలి, మళ్లీ అద్దం దించాలి. ఇలా పూటంతా చేస్తే తెర మీద మేక నాలుగడుగులు వేస్తుంది.

"మనుషులు చేసే పనేనా ఇది?" అన్నాడు డెవ్లిన్.

"నేను చేశాను," ప్రాట్ ఛాతీ విరిచాడు. "1914లో నేనొక్కణ్నే గీసి, నేనే తీశాను. అప్పట్లో ఈ అద్దాలూ గిద్దాలూ ఏవి? నాలుగు మూలలా గుండుసూదులు గుచ్చి తీసేవాణ్ణి. హ్యాండిల్ తిప్పడం ఈ క్రెబ్స్‌కి నేర్పింది నేనే. ఇప్పుడంటే ఈ గదిలో కాలు పెట్టే తీరిక లేదు కానీ."

బల్లకు ఎడమవైపు తీసేసిన బొమ్మల కట్ట. కుడివైపు ఖాళీ. ఒక్క బొమ్మ మిగల్లేదు. ఆఖరి సీను పూర్తయింది.

అది పూర్తి చేశాకే క్రెబ్స్ చచ్చాడన్నమాట.

"హంతకుణ్ణి పట్టుకునే ఉన్నాం కదా సార్జెంట్," అన్నాడు ప్రాట్. "ఆ కెమెరాలో ఫిల్ము ల్యాబ్‌కి పంపించుకోనివ్వండి. మీకు పుణ్యముంటుంది."

డెవ్లిన్ కాసేపు ఆలోచించి సరేనన్నాడు. ఆ ఫిల్ముతోనే కేసు తిరగబడుతుందని అప్పుడాయనకు తెలీదు.

* * *

పట్టుకున్నవాడి పేరు ఇసడోర్ ఫెల్డర్. స్టూడియోలో బొమ్మలు గీస్తాడు. సన్నటి మనిషి, ముతక గోధుమరంగు చొక్కా, గోళ్లనిండా ఇంకు. ఆ ఇంకు మీద ఇప్పుడు నెత్తురు. కానిస్టేబుల్ అతన్ని కుర్చీలో కూలేసి భుజం మీద చెయ్యేసి నొక్కిపెట్టాడు.

"ఆ నెత్తురెక్కడిది?"

"తల పైకెత్తాను సార్. బతికున్నాడేమోనని."

"ఎన్నింటికి వెళ్లావు లోపలికి?"

"నాలుగూ పదికి. టక్‌టక్ ఆగిపోయింది. అయిపోయిందేమో, చూద్దామని వెళ్లాను."

"పొద్దున క్రెబ్స్‌తో పోట్లాడావట. వీధి దాకా వినపడిందట."

"పోట్లాడలేదు. ఒప్పుకున్నాం."

"ఏంటీ?"

"ఆయన జర్మన్‌లో అరిచాడు, నేను మా యూదుల యిడ్డిష్‌లో అరిచాను. ఇద్దరం ఒకే మాట అన్నాం. మేం ఒప్పుకున్నా అరుస్తాం సార్. మా ఇంట్లో అన్నం తినమని కూడా అరుస్తారు."

కానిస్టేబుల్‌కి నవ్వొచ్చింది. డెవ్లిన్ గుడ్లురమగానే ఆపుకున్నాడు.

"ఏ మాట మీద ఒప్పుకున్నారు?"

ఫెల్డర్ తలుపు వైపు చూశాడు. అక్కడ ప్రాట్ నిలబడి ఉన్నాడు. ఫెల్డర్ తల దించుకున్నాడు.

"చెప్పడానికి నోరు రాదేం?"

"చెప్తే నా ఉద్యోగం పోతుంది."

"చెప్పకపోతే నీ ప్రాణం పోతుంది. సింగ్‌సింగ్ జైల్లో కరెంటు కుర్చీ ఉంది, తెలుసుగా?"

ఫెల్డర్ ఎంతసేపటికీ నోరు విప్పలేదు. డెవ్లిన్‌కు అది నేరం ఒప్పుకున్నట్టే కనిపించింది.

తర్వాత డెలియా టియర్నీని పిలిచాడు. పెన్సిల్ బొమ్మలకు ఇంకు పెట్టే ఆడవాళ్లకు ఆవిడ పెద్ద. నలభై ఏళ్లు, నల్ల ఏప్రన్, ఎవరికీ భయపడని గొంతు.

"కూర్చో."

"నిలబడతాను. నాకు పనుంది. మీకు లేకపోయినా."

"మధ్యాహ్నం ఏం విన్నావు?"

"ఏం వింటాం? మా గదికీ కెమెరా గదికీ మధ్య చెక్క గోడ. పన్నెండున్నర నుంచి నాలుగింటి దాకా టక్‌టక్, టక్‌టక్. రోజూ వినేదే. రెండు దాటాక కొంచెం నత్తనడక నడిచింది. ముసలాయనకి ఉక్కపోసి ఉంటుందనుకున్నాను."

"నాలుగింటి దాకా ఆగలేదా?"

"మధ్యలో కాసేపు ఆగింది. అద్దం తుడుచుకుంటాడు, నీళ్లు తాగుతాడు. మళ్లీ మొదలైంది."

"నాలుగు తర్వాత కారిడార్లో ఆ గదికి వెళ్లిందెవరు?"

ఆవిడ చేతులు ఏప్రన్‌కు తుడుచుకుంది. "ఇజీ ఒక్కడే. అదే, ఫెల్డర్."

"అంతకుముందు ఎక్కడున్నాడు?"

"నా కళ్లెదురుగా. పన్నెండింటి నుంచి నాలుగూ పది దాకా ఆ బల్ల దగ్గర్నుంచి లేవలేదు. భోజనం కూడా అక్కడే, ఓ చేత్తో రొట్టె, ఓ చేత్తో పెన్సిలు. కానీ సార్జెంట్, ఇజీ ఈగను కూడా కొట్టడు."

"ఈగల కేసు కాదిది."

"మీ ముఖం చూస్తే ఏ కేసైనా ఒకటే అనిపిస్తోంది," అని ఆవిడ వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం ఆరింటికి ఫెల్డర్ చేతులకు బేడీలు పడ్డాయి.

* * *

మంగళవారమంతా డెవ్లిన్ అతన్ని స్టేషన్లో కూర్చోబెట్టి పిండాడు. అడిగిందే అడిగాడు. నీళ్లివ్వలేదు. ఒకసారి చెంప మీద కొట్టాడు కూడా. ఆ రోజుల్లో అది పెద్ద విషయం కాదు. తప్పు కాకుండా మాత్రం పోదు.

సాయంత్రానికి ఫెల్డర్ గొంతు బొంగురుపోయింది.

"ఒక్కటి అడగొచ్చా సార్?"

"అడుగు."

"ఫిల్ము ల్యాబ్ నుంచి వచ్చిందా? ఎలా వచ్చింది?"

డెవ్లిన్‌కు ఒళ్లు తెలీని కోపం వచ్చింది. "నీ స్నేహితుడు చచ్చాడు. రేపో మాపో నువ్వు చస్తావు. నీకు మేక కావాల్సొచ్చిందా?"

"ఒట్టోకి కూడా అదే కావాలి సార్." ఫెల్డర్ కళ్లు తుడుచుకోలేదు. చేతులకు బేడీలున్నాయి. "రెండేళ్లు పట్టింది నాకు దాన్ని నడిపించడానికి. ముందు తెల్ల మేకను గీయమన్నారు ప్రాట్ గారు. తెల్లది తెర మీద కాగితంలో కలిసిపోతుంది, నిండా నలుపు పుయ్యాలి అన్నాను. చాలా తిట్లు తిన్నాను. ఇప్పుడు ఊరంతా దాన్ని చూస్తుంది. కింద మాత్రం ఆయన పేరే ఉంటుంది. గీసిందీ ఆయనే అని."

"అదా పొద్దున గొడవ?"

ఫెల్డర్‌కు దాచే ఓపిక అయిపోయింది. "నా పేరుతో ఓ కార్డు రాసి ఒట్టోకిచ్చాను. దాన్ని సినిమా మొదట్లో వచ్చేలా కెమెరాతో తియ్యమన్నాను. తీస్తాను, ప్రాట్ పేరు కార్డు తియ్యను, కావాలంటే ఆయన్నే వచ్చి తీసుకోమను అన్నాడు. అంతే సార్. దానికే అరుచుకున్నాం."

"ఆ కార్డేది?"

"తెలీదు. ఒట్టో దగ్గరే ఉండాలి."

శవం జేబుల్లో ఏ కార్డూ దొరకలేదు. గదిలోనూ లేదు. వీడు అల్లుతున్నాడులే అనుకున్నాడు డెవ్లిన్. కానీ ఆ రాత్రి ఇంటికెళ్లాక కూడా అతను మేకను అడిగిన తీరు మాటిమాటికీ గుర్తొచ్చింది. హంతకులు లాయర్ని అడుగుతారు, సిగరెట్ అడుగుతారు. చేసిన పని ఎలా వచ్చిందని అడిగినవాణ్ణి ఆయన ఇంతవరకు చూడలేదు.

* * *

బుధవారం మధ్యాహ్నం స్టూడియోలో గోడకు దుప్పటి కట్టి ప్రింటు వేశారు. ప్రాట్ ముందు వరసలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. ఇంకు పెట్టే ఆడవాళ్లు వెనక నిలబడ్డారు. డెవ్లిన్ పిలవకుండానే వచ్చాడు.

ముందు పేరు కార్డు. మలోనీ మేక. కింద వంకరటింకర పెద్ద అక్షరాలు: గీసినవారు లెస్టర్ ప్రాట్.

డెలియా టియర్నీ గొంతులో ఏదో గొణిగింది.

మేక వచ్చింది. బొగ్గులా నల్లగా ఉంది. రెండు కాళ్ల మీద నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని, కౌన్సిలరు వార్డులోకి వచ్చినట్టు పిక్నిక్‌లోకి వచ్చింది. ఓ ఆవిడ టోపీ తినేసింది. ఆవిడ గొడుగుతో కొడితే గొడుగు తినేసింది. పోలీసొస్తే వాడి లాఠీ నమిలి పళ్లు కుట్టుకుంది.

డెవ్లిన్ నవ్వకూడదని పళ్లు బిగించాడు. ఫలితం లేకపోయింది.

కంచె తిన్నది. రోడ్డు గీత తిన్నది. ఆకాశానికీ భూమికీ మధ్య గీతను నూడుల్సులా జుర్రేసింది. ఏమీ మిగలని తెల్ల కాగితం మీద ఒంటరిగా నిలబడి, చూసేవాళ్ల వైపు తిరిగి, ఇంకేమైనా ఉందా అన్నట్టు చూసింది. అప్పుడు 'సమాప్తం' అన్న అక్షరాలు వచ్చాయి. వాటిని కూడా తినేసింది.

ఆడవాళ్లు కళ్లు తుడుచుకుంటూ నవ్వారు. ఆ కన్నీళ్లలో కొన్ని నవ్వువి కావు.

"మళ్లీ వెయ్యండి," అన్నాడు డెవ్లిన్.

రెండోసారి ఆయన కథను చూడలేదు. మొదటిసారే ఏదో కంటికి తగిలింది. కంచె తినే దగ్గర్నుంచి మేక ఒంటి మీద ఓ మసక మచ్చ. బూడిదరంగులో ఉంది. వస్తుంది, పోతుంది, కదులుతుంది. మేక కాగితం మధ్యకు వస్తే పొట్ట మీద, పక్కకు జరిగితే వీపు మీద. చుట్టూ తెల్ల కాగితం మీద మాత్రం ఏమీ కనపడదు.

"ఆ మచ్చేమిటి?"

"ఏ మచ్చ?" అన్నాడు ప్రాట్. "ఓ, అదా? ల్యాబ్ వెధవలు సరిగ్గా కడగలేదు. జనం అది చూడరు సార్జెంట్, మేకను చూస్తారు."

"కంచెకి ముందు లేదే?"

"ల్యాబ్‌లో తొట్టి మార్చి ఉంటారు."

డెవ్లిన్ ఇంకేమీ అడగలేదు. నేరుగా కెమెరా గదిలోకి వెళ్లి దీపాలు వేశాడు. మూలనున్న ఓ బొమ్మ తీసి బల్ల మీద పెట్టి అద్దం దించాడు. కెమెరా పక్కన నిలబడి, చెయ్యి హ్యాండిల్ మీద వేసి, కిందికి వంగి చూశాడు.

చాలాసేపు చూశాడు.

తర్వాత కోటు విప్పాడు. ఓ మూల క్రెబ్స్ బట్టల మీద తొడుక్కునే పాత నల్ల గౌను మేకుకు వేలాడుతోంది. అది తొడుక్కుని మళ్లీ వంగి చూశాడు. దీపాలు ఆర్పి, తిన్నగా ల్యాబ్‌కి బయల్దేరాడు.

* * *

గురువారం పది గంటలకు అందరినీ కెమెరా గది ముందు కారిడార్లో నిలబెట్టాడు. ప్రాట్, డెలియా టియర్నీ, ఇద్దరు కానిస్టేబుళ్ల మధ్య ఫెల్డర్. ఫెల్డర్‌కు మూడు రోజుల గడ్డం.

"రేపు నా షో ఉంది," అన్నాడు ప్రాట్. "ఈ నాటకం ఎంతసేపు?"

"కొద్దిసేపే. మిస్ టియర్నీ, ఈ స్టూడియోలో కెమెరా తిప్పడం ఎవరికొచ్చు?"

"ఒట్టోకొచ్చు. ఇజీకొచ్చు." ఆవిడ పక్కకు తిరిగింది. "ప్రాట్ గారికొచ్చు. ఆయనే రోజుకోసారి చెప్తారుగా."

"ఫెల్డర్, నువ్వు కెమెరా దగ్గర నిలబడితే ముందు ఏం చేస్తావు?"

"ఒట్టో గౌను వేసుకుంటాను సార్."

"ఎందుకు?"

"అద్దం ఉంది కదా. వేసుకోకపోతే ఒట్టో చంపే..." ఆ మాట మధ్యలోనే ఆగిపోయింది.

డెవ్లిన్ తెర పక్కకు లాగి దీపాలు వేశాడు. బల్ల మీద నల్ల మేక, పైన అద్దం. జేబులోంచి తెల్ల కర్చీఫు తీసి చొక్కా మీద పరిచి, కెమెరా పక్కన వంగాడు.

"రండి. ఒక్కొక్కరే చూడండి."

నల్ల మేక పొట్ట మీద తెల్లటి మసక మచ్చ. ఆయన కదిలితే అదీ కదిలింది.

"సోమవారం రాగానే శవం చొక్కా చూసి నేను వెటకారం చేశాను," అన్నాడు డెవ్లిన్. "అడగాల్సింది అడగలేదు. వంగినవాడి బట్టలు ఈ అద్దంలో పడతాయి. అవి కెమెరా చూస్తుంది. అందుకే నల్ల గోడలు, నల్ల తెరలు, నల్ల చొక్కా. తెల్ల బట్ట పడితే తెల్ల కాగితం మీద తెలీదు. నల్ల మేక మీద తెలుస్తుంది. ఈ సినిమాలో కంచె దాకా మచ్చ లేదు. కంచె నుంచి చివరి దాకా ఉంది. అంటే కంచె దాకా తీసింది క్రెబ్స్. తర్వాత తీసింది క్రెబ్స్ కాదు."

డెవ్లిన్ డెలియా వైపు తిరిగాడు.

"మిస్ టియర్నీ, మధ్యలో టక్‌టక్ ఆగిందన్నావు. ఎప్పుడు?"

"రెండింటికి," అంది ఆవిడ నెమ్మదిగా. "తర్వాతే నత్తనడక."

"చెయ్యి అలవాటు తప్పినవాడి నడక అది. రెండింటికి క్రెబ్స్ చచ్చాడు. రెండు నుంచి నాలుగు దాకా శవాన్ని కాళ్ల దగ్గర పెట్టుకుని హంతకుడు సినిమా తీశాడు. ఆ టైములో ఫెల్డర్ నీ కళ్లెదురుగా రొట్టె తింటున్నాడు."

ఫెల్డర్ గోడకు ఆనుకున్నాడు.

"చంపినవాడు పారిపోతాడు కదా?" అన్నాడు ప్రాట్. "కూర్చుని సినిమా తీస్తాడా ఎవడైనా?"

"నేనూ అదే అనుకున్నాను. క్రెబ్స్ నాలుగింటి దాకా బతికున్నాడని ఊరంతా అనుకోవాలి. అదొకటి. సినిమా శుక్రవారానికి అయి తీరాలి. అది రెండోది. ఈ రెండూ కావాల్సినవాడు, ఆఫీసు తలుపులోంచి ఎవరి కంటా పడకుండా ఈ గదిలోకి రాగలవాడు ఒక్కడే."

"తెల్ల చొక్కా ఊళ్లో ప్రతివాడికీ ఉంటుంది."

"ఉంటుంది." డెవ్లిన్ చంకలోని కవరు తీశాడు. నెగెటివ్‌లో ఒక్క ఫ్రేమును ల్యాబ్‌వాళ్లు పెద్ద ఫొటో వేశారు. మేక నల్లటి పొట్ట. దాని మీద మసక తెలుపు. ఆ తెలుపులో ఓ పక్కగా గుండ్రటి నల్ల చుక్క. "మిస్ టియర్నీ, ఈ ఫిల్ము మీద ఎరుపు ఎలా పడుతుంది?"

"నల్లగా."

అందరి కళ్లూ ఒకేచోటికి వెళ్లాయి. ప్రాట్ తెల్ల లినెన్ కోటు కాజాలో ఆ పూట కూడా తాజా కార్నేషన్ ఉంది. ప్రాట్ తెలీకుండానే దాన్ని చేత్తో కప్పుకున్నాడు.

"1914లో గుండుసూదులు గుచ్చి తీశానన్నావు," అన్నాడు డెవ్లిన్. నిన్నటిదాకా ఆయన నోట ఉన్న 'మీరు' ఇవాళ లేదు. "అద్దం వచ్చాక నువ్వు కెమెరా ముట్టలేదు. హ్యాండిల్ తిప్పడం గుర్తుంది. గౌను సంగతి నీకెవరూ చెప్పలేదు. చెప్పేవాణ్ణి చంపేశావు."

ప్రాట్ ముఖం పాలిపోయింది. తర్వాత ఎర్రబడింది. ఇక నటించలేదు.

"నా జీతం తింటూ నా పేరు కార్డు తియ్యనన్నాడు. నేనే బల్ల మీద పెట్టాను, నా కళ్లముందే అవతల పడేశాడు. శుక్రవారం అందరి ముందూ చెప్తానన్నాడు, ఈ పెన్సిల్‌గాడు గీశాడని. ఏడేళ్లు ఈ కొంపను నేను మోశాను. చేతికి ఏది దొరికిందో నాకు గుర్తులేదు. కార్డు మాత్రం తర్వాత నేనే తీశాను. నేనే."

"ఫెల్డర్ కార్డు?"

"కాల్చేశాను."

డెలియా టియర్నీ ముందుకొచ్చి ప్రాట్ ముఖం మీద ఉమ్మింది. డెవ్లిన్ అటు చూడలేదు. కానిస్టేబుల్ ఫెల్డర్ చేతుల బేడీలు తీసి ప్రాట్ చేతులకు వేశాడు.

లిఫ్టు దగ్గర ప్రాట్ వెనక్కి తిరిగాడు.

"ఒరేయ్ ఇజీ, నువ్వు బయటపడ్డావు. మేక బయటపడదు. కాంట్రాక్టు చదువుకో. ఇక్కడ గీసిన ప్రతి గీతా కంపెనీది. నన్ను కుర్చీలో కూర్చోబెట్టినా మలోనీ నాదే."

లిఫ్టు తలుపు మూసుకుంది. ఆ కోపిష్టి మనిషి అన్న మాటల్లో అబద్ధం ఒక్కటీ లేదు.

* * *

శుక్రవారం షో జరిగింది. ప్రాట్ భార్య తరఫు లాయరు దగ్గరుండి జరిపించాడు. డిస్ట్రిబ్యూటర్ కుర్చీలోంచి జారిపోయేలా నవ్వి, ఏడాదికి పన్నెండు మేకలు కొన్నాడు. మచ్చున్న భాగం మళ్లీ తీయించారు. పేరు కార్డు మార్చలేదు. హత్య వార్త పేపర్లలో వచ్చాక ఆ పేరుకు ఇంకా గిరాకీ పెరుగుతుందని లాయరే అన్నాడట.

మరో వారానికి డెవ్లిన్ ఐదో అంతస్తు ఎక్కాడు. సంతకాలేవో పెట్టించుకోవాలని చెప్పాడు. నిజానికి ఆ పనికి కానిస్టేబుల్ చాలు.

ఫెల్డర్ బల్ల దగ్గరే ఉన్నాడు. మేకను గీస్తున్నాడు. ఎడమ చెంప మీద పచ్చటి కమిలిన గుర్తు ఇంకా పోలేదు.

"ఇక్కడే ఉన్నావే?" అన్నాడు డెవ్లిన్.

"ఎక్కడికెళ్తాను సార్? ఇంకోచోట దీన్ని గీస్తే జైలుకి పంపిస్తారట. ఇక్కడ గీస్తే జీతమిస్తారట." ఫెల్డర్ తల ఎత్తలేదు. "వేరేవాళ్ల చేతికిస్తే నడక పాడుచేస్తారు. అది నేను చూడలేను."

డెవ్లిన్ టోపీని చేతుల్లో తిప్పాడు. పోలీసులు క్షమాపణ అడగరు. ఆయనకు ఎలా అడగాలో కూడా తెలీదు.

"నాకొకటి గీసివ్వు," అన్నాడు చివరికి. "ఇంట్లో పెట్టుకుంటాను."

ఫెల్డర్ మొదటిసారి ఆయన ముఖంలోకి చూశాడు. తర్వాత కొత్త కాగితం తీశాడు. కుంచె ఇంకులో ముంచాడు. పెన్సిల్ గీత లేకుండానే మేక పుట్టింది. కొమ్ములు, గడ్డం, వెనక్కి కట్టుకున్న చేతులు, పట్టరాని పొగరు. డెవ్లిన్ ఊపిరి బిగబట్టి చూశాడు.

"సంతకం పెట్టు."

ఫెల్డర్ కుంచె మళ్లీ ముంచి, మేక గిట్టల కింద ఒక్క విసురుతో రాసేశాడు. రాసి ఆగిపోయాడు.

లెస్టర్ ప్రాట్.

వంకరటింకర పెద్ద అక్షరాలు, చివర తోకతో సహా. రెండేళ్లుగా స్టూడియో పోస్టర్లన్నిటి మీదా, థియేటర్లకు పంపే బొమ్మల మీదా ఆ సంతకం పెడుతున్నది ఫెల్డరే. ఈ వృత్తిలో అది మామూలే. యజమాని పేరు యజమాని కన్నా పనివాడే బాగా రాస్తాడు. బొమ్మ కింద ఏం రాయాలో ఆ చేతికి ఇంకోటి తెలీదు.

ఇద్దరూ దాన్నే చూస్తూ ఉండిపోయారు. పక్క బల్ల దగ్గర డెలియా టియర్నీ కుంచె కడగడం ఆపింది.

డెవ్లిన్ ఆ సంతకం మీద వేలు పెట్టాడు. "పోనీ, దాని కింద నీ పేరు రాయి."

ఫెల్డర్ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"చోటు లేదు సార్," అన్నాడు.